ఓడ మీద గీతలు.. కుండలో గుడ్డు

మీరెప్పుడైనా పనిమీద విశాఖపట్నం వచ్చినప్పుడు, పాత ఊరి వైపు వెళ్లి రేవులోకి ఓడ రావడం చూశారా? ఒక పక్క డాల్ఫిన్స్ నోస్ కొండ. ఇంకో పక్క గుడి, దర్గా, చర్చి ఉన్న మూడు చిన్న గుట్టలు. మధ్యలో కాలువ. ఆ కాలువలోంచి నాలుగంతస్తుల మేడ నడిచివచ్చినట్టు ఓడ వస్తుంది. పిల్లలు చేతులు ఊపుతారు. పెద్దాళ్లు సెల్‌ఫోన్లు తీస్తారు. నేను మాత్రం చాలా ఏళ్లు చూసి కూడా, అందులో వరి రైతుకు పనికొచ్చే పాఠం ఉందని కనిపెట్టలేకపోయాను. కనిపెట్టింది మా పక్కింటి మావయ్య. షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరైనాయన.

ఈ వారం పాఠం పొలం గట్టు మీద కాదు. రేవులో కొంత, కమ్మరి కొలిమి దగ్గర కొంత, పాతసామాన్ల కొట్టులో కొంత. చివరికి మళ్లీ మన నారుమడి దగ్గరికే వస్తాం. ఇందులో చెప్పినవాటికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఒక గుడ్డు, కిలోన్నర ఉప్పు, ఒక కొడవలి, రెండు మట్టికుండీలు. అంతే.

గీతల కథ

ఓడ పక్కన, సరిగ్గా మధ్యభాగంలో, ఒక గుండ్రటి గుర్తు, దాన్ని అడ్డంగా కోస్తూ ఒక గీత ఉంటుంది. దాని పక్కనే నిచ్చెన మెట్లలా ఇంకో అరడజను గీతలు, వాటి దగ్గర ఇంగ్లీషు అక్షరాలు. మన దేశపు ఓడల మీదయితే ఆ గుండ్రానికి అటూ ఇటూ ‘ఐ’, ‘ఆర్’ అని ఉండటం కూడా చూడొచ్చు. మావయ్య నన్ను వేలుపట్టి చూపించినట్టు చూపించి, "ఏటల్లుడూ, ఆ గీతలు ఎందుకనుకుంటన్నావు? ముగ్గు ఏసినారనుకుంటన్నావా?" అన్నాడు.

ఎందుకంటే, ఓడలో సరుకు ఎంతవరకు ఎక్కించవచ్చో చెప్పే గీతలవి. పూర్వం ఇంగ్లండులో కొందరు యజమానులు పాత ఓడలకు బీమా చేయించి, మోయలేనంత సరుకు ఎక్కించి పంపేవారు. ఓడ మునిగితే యజమానికి డబ్బు, నావికుడి పెళ్లానికి ఏడుపు. శామ్యూల్ ప్లిమ్సాల్ అనే పార్లమెంటు సభ్యుడు దీనిమీద పోట్లాడగా 1876లో చట్టం వచ్చింది. అప్పట్నుంచీ ఆ గీతకు ఆయన పేరే నిలిచింది. గీత నీటిలో మునిగిందంటే ఓడ బరువెక్కువైందని ఒడ్డున నిలబడ్డ కూలివాడు కూడా చెప్పగలడు. లెక్కల పుస్తకం తెరవక్కర్లేదు.

మరి ఒక్క గీత చాలదా, ఇన్నెందుకు? ఇక్కడే ఉంది అసలు సంగతి. నీళ్లన్నీ ఒక్కలాంటివి కావు. వెయ్యి లీటర్ల మంచినీళ్లు వెయ్యి కిలోలు తూగితే, అంతే సముద్రపు నీళ్లు దాదాపు 1025 కిలోలు తూగుతాయి. ఉప్పునీరు బరువు. బరువైన నీరు ఓడను ఎక్కువ పైకి ఎత్తిపడుతుంది. కలకత్తా రేవు హుగ్లీ నది మీద ఉంది. అక్కడ సరుకు ఎక్కించుకున్న ఓడ సముద్రంలోకి రాగానే, ఒక్క బస్తా కూడా దించకుండానే కాస్త పైకి తేలుతుంది. అందుకే మంచినీటికి ఒక గీత, ఉప్పునీటికి ఒక గీత, ఎండాకాలానికి, చలికాలానికి వేరే గీతలు.

పాలకేంద్రంలో మీ పాలల్లో ముంచే గాజుగొట్టం గుర్తుందా? లాక్టోమీటరు. అది కూడా ఒక చిన్న ఓడే. పాలు పలచనైతే మునుగుతుంది, చిక్కనైతే తేలుతుంది. చెరకు రసంలో తీపి చూసే బ్రిక్స్ గొట్టమూ ఈ జాతిదే. మనం రోజూ చూసే వస్తువులే, చుట్టరికం తెలియదంతే.

ఆర్.కె. బీచిలో ఒడ్డున పెట్టిన కుర్సురా జలాంతర్గామిని చాలామంది టికెట్టు కొని లోపలికెళ్లి చూసే ఉంటారు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విధులు ముగించి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంటోంది. అది మునగాలంటే తన తొట్లలోకి సముద్రపు నీళ్లు వదులుకుంటుంది. తేలాలంటే గాలి ఒత్తిడితో ఆ నీళ్లను బయటికి నెట్టేస్తుంది. లోపల గాలి ఉంటే తేలుతుంది, లోపల నిండితే మునుగుతుంది. ఇప్పుడు వరిగింజను తలుచుకోండి. తాలుగింజ పొట్టలో గాలి. గట్టిగింజ పొట్ట నిండా బియ్యం.

ఇదంతా విని నేను "బాగుంది మావయ్యా, తాలు నీళ్లలో తేలుతుందని మా అమ్మకు కూడా తెలుసు" అన్నాను. ఆయన నవ్వి, "తాలు తేలుతాది. సగం తాలు సంగతేటి?" అన్నాడు.

సగం తాలు గింజే అసలు దొంగ

విత్తనాన్ని మంచినీళ్లలో పోస్తే పూర్తి తాలు మాత్రమే తేలుతుంది. సగం పాలుపోసుకుని ఆగిపోయిన గింజ, పురుగు తిన్న గింజ, తెగులు సోకి లోపల కుంచించుకుపోయిన గింజ మునిగిపోయి మంచి విత్తనంతో కలిసిపోతాయి. అవి మొలకెత్తవని కాదు. చాలావరకు మొలకెత్తుతాయి కూడా. కానీ గింజలో దాచుకున్న తిండి తక్కువ. మొక్క వేరు తొడిగి సొంతంగా తినడం మొదలెట్టేలోపు ఆ తిండి అయిపోతుంది. నారు సన్నగా, పసుపుగా, ఒక చోట పొడుగు ఒక చోట పొట్టిగా వస్తుంది. రైతు విత్తనాన్ని అనుమానించడు, యూరియా చల్లుతాడు.

మన ఉత్తరాంధ్రలో ఈ బాధ మరీ ఎక్కువ. పంట పొట్ట మీద, ఈనిక మీద ఉండే అక్టోబరు నెలే మనకు తుపాన్ల నెల. హుద్‌హుద్ విశాఖను కొట్టింది 2014 అక్టోబరు 12న. అలాంటి గాలి ఈనిక మీద కొడితే గింజ సరిగ్గా పాలుపోసుకోదు. ఆ పంటలోంచే మళ్లీ సొంత విత్తనం తీసుకునే రైతు, సగం తాలును గాదెలో దాచుకుంటున్నట్టే.

దీనికి మందు, ఓడ చెప్పిందే. నీటి బరువు పెంచాలి. అప్పుడు తాలుతోపాటు సగం తాలు కూడా పైకి తేలుతుంది. ఎంత పెంచాలో కొలవడానికి కోడిగుడ్డు.

పద్ధతి ఇదీ. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలోగాని, కుండలోగాని 10 లీటర్ల మంచినీళ్లు పోయండి. ముందుగా ఆ నీళ్లలో గుడ్డు వేసి చూడండి. అడుగున అడ్డంగా పడుకుంటే తాజా గుడ్డు. నిలువుగా నిలబడినా, తేలినా నిలవ గుడ్డు, ఈ పనికి పనికిరాదు. (గుడ్డు పాతబడేకొద్దీ పెంకులోంచి తేమ పోయి లోపల గాలి అర పెరుగుతుంది. దుకాణంలో గుడ్లు కొనే ఆడవాళ్లకు కూడా ఇది పనికొచ్చే పరీక్షే.) తాజా గుడ్డు దొరికాక, దాన్ని తీసి పక్కన పెట్టి, కిలోన్నర దాకా ఉప్పు కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. కళ్లుప్పయినా ఫర్వాలేదు, బాగా కరగాలి. మళ్లీ గుడ్డు వదలండి. గుడ్డు పైకి తేలి, నీటిమీద పావలా బిళ్లంత మేర పెంకు కనబడాలి. పావలా బిళ్ల 2011లో చెల్లకుండా పోయింది గానీ, ఈ కొలతకు ఇంకా చెల్లుతోంది. చూడని కుర్రాళ్ల కోసం చెప్తున్నా, ఇప్పటి రూపాయి బిళ్లకన్నా కాస్త చిన్నది. అంత కనబడకపోతే ఇంకాస్త ఉప్పు, మరీ ఎక్కువ కనబడితే ఇంకాస్త నీళ్లు.

ఇప్పుడు విత్తనం. ఎకరానికి సరిపడే 20, 25 కిలోలూ ఒక్కసారే గుమ్మరించకండి. రెండు మూడు కిలోల చొప్పున పోసి, చేత్తో కలియబెట్టి, ఒక్క నిమిషం ఆగి, పైకి తేలినవాటిని జల్లెడతో ఎత్తేయండి. అడుగున ఉన్నదే విత్తనం. నాలుగు వాయిలకొకసారి గుడ్డు మళ్లీ వేసి చూడండి. తడిసిన గింజలతో ఉప్పు బయటికి పోతూ ఉంటుంది గనుక నీళ్లు పలచబడతాయి.

తర్వాత చేయాల్సిన పని మరిచిపోతే మాత్రం మొత్తం చేసింది దండగ. అడుగున మిగిలిన విత్తనాన్ని వెంటనే మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడగాలి. ఉప్పు అంటుకుని ఉంటే మొలక దెబ్బతింటుంది. "తరవాత కడుగుదాం" అని ఉప్పునీళ్లలోనే వదిలేసి టీకి వెళ్లిపోకూడదు. కడిగాక మామూలుగా నానబెట్టి, విత్తనశుద్ధి చేసి, మండె కట్టుకోవడమే. తేలిన గింజల్ని కడిగి ఎండబెట్టి కోళ్లకు వేసుకోవచ్చు. అయితే కొట్టులో కొన్న మందు పట్టించిన విత్తనం అయితే కోళ్లకు వేయొద్దు. అసలు మందు పట్టించిన విత్తనానికి ఈ పని పెట్టుకోకండి, మందంతా నీళ్లపాలవుతుంది. ఇది సొంత విత్తనం వాడేవారి కోసం. మిగిలిన ఉప్పునీళ్లు పొలంలోగాని, నారుమడి బోదెలోగాని పారబోయకండి.

మొదటిసారి చేసినప్పుడు తేలిన కుప్ప చూసి గుండె గుభేలుమంటుంది. ఇంత విత్తనం పోయిందే అనిపిస్తుంది. అది పోయిన విత్తనం కాదు, ఇదివరకు ప్రతి ఏడూ మనకు తెలీకుండా పోతున్న విత్తనం.

కొడవలికి రాగి పూత

ఓడను మరమ్మతుకు గట్టెక్కించినప్పుడు కింద చూస్తే, ఇనుప కడుపుకు అక్కడక్కడ జింకు దిమ్మలు బిగించి ఉంటాయి. ఉప్పునీళ్లలో ఇనుమూ జింకూ కలిసి ఉంటే ముందు జింకే తినబడుతుంది, ఇనుము మిగులుతుంది. తమ్ముడు దెబ్బలు తిని అన్నను కాపాడినట్టు. అరిగిపోయిన దిమ్మను తీసి కొత్తది వేస్తారు. లోహాల్లో ఇలా ఎవరు ముందు కరగాలో ఒక వరస ఉంది. ఆ వరసలో జింకు కింద ఇనుము, ఇనుము కింద రాగి.

ఈ వరసే మామిడి, కాఫీ, మిరియం రైతుకు అక్కరకొస్తుంది. బోర్డో మిశ్రమం వాడే పాడేరు, అరకు వైపు రైతులు ఇది జాగ్రత్తగా చదవండి.

ముందు బోర్డో కథ చెప్పాలి, తమాషాగా ఉంటుంది. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతంలో ద్రాక్ష తోటలవాళ్లు, దారినపోయేవాళ్లు పళ్లు కోసుకుపోకుండా, రోడ్డు పక్క వరసల మీద మైలుతుత్తం, సున్నం కలిపి నీలంగా, అసహ్యంగా కనబడేలా చల్లేవారు. ఆ ఏడు బూజు తెగులు తోటంతా కమ్మేసినా, రోడ్డు పక్క వరసలు మాత్రం పచ్చగా నిలిచాయి. మిల్లార్డే అనే శాస్త్రజ్ఞుడు అది గమనించి, పరీక్షలు చేసి, 1885లో లోకానికి చెప్పాడు. దొంగల కోసం చల్లింది తెగులుకు మందయింది. మన ఊళ్లో దిష్టిబొమ్మకు పూసే సున్నం మీద ఎవరూ పరీక్ష చేయలేదు మరి.

ఒక శాతం మిశ్రమం 10 లీటర్లకు మైలుతుత్తం 100 గ్రాములు, పొడి సున్నం 100 గ్రాములు. సగం నీళ్లలో ఒకటి, సగం నీళ్లలో ఇంకొకటి విడివిడిగా కరిగించి, రెండింటినీ ఒకేసారి మూడో తొట్టిలోకి పోస్తూ కర్రతో కలపాలి. తొట్లు ప్లాస్టిక్‌వో మట్టివో కావాలి. ఇనుప బకెట్టు, జింకు బకెట్టు వద్దేవద్దు. కాఫీ ఆకుల తుప్పు తెగులుకు అర శాతం మిశ్రమం చాలంటారు, అంటే రెండూ 50 గ్రాముల చొప్పున.

చిక్కంతా సున్నంతోనే. కొట్టులో గాలి తగిలి చచ్చిన సున్నం తెస్తే, తూకం సరిపోయినా పని సరిపోదు. కలవకుండా మిగిలిన రాగి లేత ఆకుల్ని మాడ్చేస్తుంది. అందుకని చల్లేముందు, తుప్పులేకుండా మెరిసేలా తోమిన కొడవలి కొసనో చాకునో ఆ మిశ్రమంలో ఒక నిమిషం ముంచి తీయండి. ఇనుము మీద ఎర్రగా రాగి పూత కనబడిందా, రాగి ఇంకా మిగిలి ఉన్నట్టే. ఇనుము తాను కరిగి, రాగిని తన మీదికి రప్పించుకుంది. ఓడ కింద జింకు చేసే పనే ఇక్కడ కొడవలి చేసింది. అప్పుడు ఇంకాస్త సున్నపు తేట కలిపి, కొడవలి మళ్లీ తోమి, మళ్లీ ముంచండి. పూత రానప్పుడు గుడ్డలో వడగట్టి, ఆ రోజే చల్లేయండి. రేపటికి దాచొద్దు.

ఉక్కు ఊళ్లో ఉక్కు కొనేటప్పుడు

విశాఖ ఉక్కు కోసం 1966లో ఉద్యమం జరిగింది, 1971లో శంకుస్థాపన జరిగింది, 1992లో జాతికి అంకితమైంది. ఇంత చరిత్ర ఉన్న జిల్లాలో పశువుల పాకకు చువ్వలు కొనే రైతు, కొట్టువాడు చెప్పిన తూకం నమ్మి వచ్చేస్తున్నాడు.

చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి. చువ్వ మందం ఎన్ని మిల్లీమీటర్లో, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు చువ్వ ఎన్ని కిలోలుండాలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల చువ్వ అనుకోండి. 12 పన్నెండ్లు 144. దాన్ని 162తో భాగిస్తే 0.889. పన్నెండు మీటర్ల పూర్తి చువ్వ 10.67 కిలోలు. అలాగే 10 మిల్లీమీటర్లది 7.4 కిలోలు, 8 మిల్లీమీటర్లది 4.74 కిలోలు. ప్రమాణాల ప్రకారం 10 మిల్లీమీటర్ల వరకు నూటికి 7, ఆపైన 16 వరకు నూటికి 5 చొప్పున అటూ ఇటూ తేడా ఒప్పుకుంటారు. అంతకన్నా తక్కువ తూగితే ‘12 అని చెప్పి అమ్మే’ సన్నచువ్వ అన్నమాట. ఇంకోటి, టీఎంటీ చువ్వల్ని ఎర్రగా కాల్చి వంచనివ్వకండి. మిల్లులో ఎర్రగా ఉన్నప్పుడు నీళ్ల ధారతో పైపొరను గట్టిచేసి, లోపలి వేడితోనే దాన్ని సరిచేస్తారు. మళ్లీ కాలిస్తే ఆ గట్టిపొర గుణం పోతుంది.

ఆటోనగర్లో కుర్రాళ్లు ఆడే ఆట ఒకటుంది. ఇనుప ముక్కను గ్రైండరుకు ఆనించి, రవ్వలు చూసి అదేం ఇనుమో చెప్పడం. మెత్తని ఇనుమైతే రవ్వలు పొడవుగా, తిన్నగా గీతల్లా వస్తాయి, చీలికలు తక్కువ. లారీ కమానుకట్టలాంటి గట్టి ఉక్కయితే చివర్లో కాకరపువ్వొత్తిలా చిట్లి పూలు పూస్తాయి. పోత ఇనుము రవ్వలు పొట్టిగా, ఎర్రగా ఉంటాయి. పూలు పూయించేది అందులోని కార్బను. కత్తికీ కొడవలికీ పూలు పూసే ఉక్కు కావాలి. తిన్నగీతల ఇనుముతో చేసిన కత్తి ఎంత నూరినా సాయంత్రానికి మొద్దు. ఈసారి కమ్మరి దగ్గర పాత ముక్క ఇచ్చి కత్తి చేయించుకునేటప్పుడు ఈ పరీక్ష అడగండి. కళ్లకు అద్దాలు పెట్టుకుని, గడ్డివాముకు దూరంగా.

కమ్మరికి చెప్పాల్సిందంటూ ఏమీ లేదు, ఆయనకు కంటితోనే తెలుసు. కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లకు మాత్రం ఒక కిటుకు. ఉక్కును కాల్చేటప్పుడు, సుమారు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతం దాన్ని పట్టుకోవడం మానేస్తుంది. తీగకు కట్టిన అయస్కాంతాన్ని తాకించి చూసి, అంటుకోకుండా పోయాక ఇంకొంచెం మాత్రమే కాల్చి పాయనం పెట్టాలి. తర్వాత ఒక పక్క మెరుగు పెట్టి, సన్నసెగ మీద ఎండుగడ్డి రంగు వచ్చేదాకా వేడి చేస్తే, కత్తి పెళుసు తగ్గి పదును నిలుస్తుంది.

నీలం డ్రమ్ములు

ఇక నా తప్పు చెప్తాను.

రేవూ ఫ్యాక్టరీలూ ఉన్న ఊరు గనుక, విశాఖ చుట్టుపక్కల పాతసామాన్ల కొట్లలో నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు చవగ్గా దొరుకుతాయి. 200 లీటర్లు పడతాయి. మా తమ్ముడు ఆనందపురం వైపు ఎకరం కౌలుకు తీసుకుని కూరగాయలు వేస్తాడు. 2019లో దసరా వెళ్లాక సంక్రాంతి బేరానికని టమాటా నారు పోశాడు. బోరు దూరం. నీళ్లు పట్టి ఉంచడానికి రెండు డ్రమ్ములు కొని, నేనే ఆటోలో వేయించి పంపాను. పల్లెటూరి వస్తువుల గురించి వారం వారం రాసేవాణ్ని నేను. చూసి కొనాల్సినవాణ్ని నేనే.

మూత తీస్తే ఆసుపత్రి వాసన వచ్చింది. సబ్బుపొడి వేసి రెండుసార్లు కడిగాం. వాసన తగ్గింది. అడుగున మూడు బాణాల ముక్కోణం, లోపల 2 అనే అంకె ఉంది. "2 ఉంటే మంచి ప్లాస్టిక్, నీళ్లకు పనికొస్తుంది" అని నేనే తమ్ముడికి చెప్పాను. ఆ అంకె చెప్పేది ప్లాస్టిక్ రకం గురించి. డ్రమ్ములో అంతకుముందు ఏముండేదో అది చెప్పదు. పైగా ఈ ప్లాస్టిక్ గోడ కొన్ని మందుల్ని పీల్చుకుని, తర్వాత నెమ్మదిగా నీళ్లలోకి వదులుతుంది. సబ్బుతో పైపైన కడిగితే పోదు.

పది రోజులకు తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మొక్కలు మెలికలు తిరిగిపోతన్నాయి, ఓసారి రావా." వెళ్లి చూస్తే ఆకులు సన్నగా, తాళ్లలా ముడుచుకుపోయాయి. కాడలు వంకర్లు. ముడత తెగులనుకుని పురుగుమందు కూడా కొట్టేశాడప్పటికి. వ్యవసాయాధికారి ఒకాయన వచ్చి, బోరు నుంచి నేరుగా గొట్టంతో తడిపిన చివరి మడి చూశారు. అక్కడి మొక్కలు నిటారుగా ఉన్నాయి. డ్రమ్ము నీళ్లు పోసిన మడులే మెలిపడ్డాయి. "ఇది తెగులు కాదండీ, కలుపుమందు లక్షణం" అన్నారాయన. చెరకులో, వరిలో వాడే 2,4-డి లాంటి మందులకు టమాటా చాలా సున్నితం. వాసన చూస్తేనే ముడుచుకుంటుంది అన్నంత. డ్రమ్ములో ఉన్నది అదేనా, ఇంకోటా అన్నది తేలలేదు. నారు మాత్రం పోయింది. మళ్లీ పోసేసరికి సంక్రాంతి బేరం దాటిపోయింది. కౌలు మాత్రం కట్టాలి కదా.

ఇంకో సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. రెండో డ్రమ్ము పాక దగ్గర పెట్టి గేదెకు నీళ్లు పెడదామనుకున్నారు. వాళ్ల చిన్నపిల్ల దోసిలితో నీళ్లు తాగే వయసు.

అందుకని పాత డ్రమ్ము కొనే ప్రతివాళ్లూ ఇలా చేయండి. పైన చీటీ లేని డ్రమ్ము కొనకండి. పుర్రె బొమ్మ, ఎర్ర, పసుపు ముక్కోణాల గుర్తులు గీకేసి ఉన్నా కొనకండి. గీకేశారంటేనే అనుమానం. తిండి సరుకు వచ్చిన డ్రమ్మని చీటీ ఉంటే, మొక్కల నీళ్లకు వాడే ముందు పరీక్ష పెట్టండి. డ్రమ్ము నిండా నీళ్లు పట్టి రెండు రోజులు ఉంచండి. రెండు మట్టికుండీల్లో ఒకే మట్టి పోసి, ఒక్కోదాంట్లో పది చిక్కుడు గింజలో, నాలుగాకుల టమాటా మొక్కలో పెట్టండి. ఒక కుండీకి డ్రమ్ము నీళ్లు, రెండోదానికి బావి నీళ్లు. ఏ కుండీకి ఏ నీళ్లో బొగ్గుతో రాసుకోండి, లేకపోతే మూడో రోజుకే తికమకపడతారు. రెండు వారాలు చూడండి. డ్రమ్ము కుండీలో మొలకలు తగ్గినా, ఆకు ముడిచినా, కాడ వంగినా ఆ డ్రమ్ము తోటకు పనికిరాదు.

పరీక్ష నెగ్గిన డ్రమ్మయినా మనుషుల తాగునీటికి, పశువుల కుడితికి, బెల్లానికి, ధాన్యానికి వాడకండి. మొక్కకు హాని చేయనిది మనిషికి చేయదని ఏమీ లేదు. ఇనుప డ్రమ్ముల విషయం ఇంకా ప్రమాదం. తొట్టి చేయడానికని గ్యాస్ కట్టరుతో కోయిస్తారు. లోపల మిగిలిన ఆవిరికి మంట తగిలితే డ్రమ్ము బాంబులా పేలుతుంది. ఖాళీగా కనబడటమే మోసం. ఏముండేదో తెలియని డ్రమ్ముకు నిప్పు దగ్గర చేర్చనే కూడదు.

మా తమ్ముడి రెండు డ్రమ్ములూ చాలాకాలం దొడ్డి మూల బోర్లించి ఉండేవి. నిరుడు సైకిల్ మీద పాతసామాన్లవాడొచ్చి, "బావూ, ఈ రెండూ ఇచ్చెయ్, మంచి రేటిస్తాను" అన్నాడు. తమ్ముడు సరేనన్నాడు. బేరం కుదిరాక, డబ్బులు తీసుకోకముందే, గొడ్డలి తెచ్చి రెండింటి అడుగులూ నరికేశాడు. సామాన్లవాడు తెల్లబోయి, రేటు సగానికి తగ్గించాడు. తమ్ముడు ఆ సగమే తీసుకున్నాడు.